పింగాణి శిల్పి టొమిమొటో కెంకిచి

చిత్రలేఖనపు గంటలో ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ఒక మామిడిపిందె గీస్తాడు. నలభైమంది పిల్లలు దానిని చూచి నలభై పిందెలు గీస్తారు. బడి ఆవరణలోనే మామిడిచెట్టు ఉంటుంది. దానికి నిజమైన పిందెలు వేలాడుతూ ఉంటవి. వాటివంక ఎవరూ చూడరు. ఇది ఏ ఒక్క బడి సంగతీ కాదు. ముమ్మిడివరంలోనైనా, అమలాపురంలోనైనా, మరెక్కడనైనా మన పిల్లలు బొమ్మను చూచి బొమ్మ వేయడం నేర్చుకొంటారు గాని, వస్తువును చూచి బొమ్మ వేయడం అరుదు. ధనుర్మాసంలో మన ఆడపడుచులు వాకిట పెట్టే ముగ్గులు సయితం ఇటీవల పుస్తకాలలోనుంచి దిగుతున్నవి.

ఈ అలవాటును తన శత్రువుగా ఎంచుకొని జీవితమంతా దానితో పోరాడిన కళాకారుడొకడు జపాను దేశంలో ఉండేవాడు. అతని పేరు టొమిమొటో కెంకిచి. మనవలెనే వారికీ ఇంటిపేరు ముందు వస్తుంది. టొమిమొటో అన్నది ఇంటిపేరు. ఒక అలంకారాన్ని చూచి మరొక అలంకారాన్ని పుట్టించరాదని అతడు యౌవనంలోనే తనకు తాను ఒక కట్టుబాటు విధించుకొన్నాడు. వినడానికి ఇది చిన్నమాట. వేయి సంవత్సరాలుగా తాత గీసిన గీతనే మనుమడు గీస్తూ, ఆ గీత తప్పకుండా వస్తే చాలునని మెప్పు పొందుతూ వచ్చిన కుమ్మరిదేశంలో అది చిన్నమాట కాదు. టొమిమొటో ఆ కట్టుబాటును ఎంతవరకు నిలుపుకొన్నాడో, అందుకు తానెంత మూల్యం చెల్లించినాడో, ఇతరులచేత ఎంత చెల్లింపజేసినాడో తెలుసుకోదగిన కథ.

ముందుగా అతడు చేపట్టిన పదార్థమేమిటో తెలియాలి. పింగాణి మనకు కొత్త వస్తువు కాదు. కాని కుండ వేరు, ఊరగాయ జాడీ వేరు, పింగాణి వేరు. మన కుమ్మరి సారెమీద తిరిగేది గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. అందులో ఇనుము పాలు ఎక్కువ. అందువల్లనే ఆవములో కాలిన కుండ ఎర్రబడుతుంది. కుండ గోడలో కంటికి ఆనని రంధ్రాలుంటవి. వేసవిలో నీరు చల్లబడేది ఆ రంధ్రాల పుణ్యముననే. జాడీమట్టి అంతకన్న ఎక్కువ వేడికి ఓర్చి బిగుసుకొంటుంది. ఉప్పూ కారమూ నూనే ఏళ్ళతరబడి నిలువ ఉన్నా అది పీల్చదు. ఇక పింగాణికి కావలసినది ఇనుము దాదాపు లేని తెల్లని చైనామట్టి. దానికి ఫెల్‌స్పార్ అనే రాతిపొడి, పలుగురాతిపొడి చేర్చి సుమారు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చాలి. అప్పుడు లోపలి రాయి కరిగి మట్టిని అంటిపట్టుకొంటుంది. పలుచని పాత్రను దీపానికి అడ్డుపెడితే వెలుతురు గోడను దాటి వస్తుంది. గోటితో మీటితే కంచువలె మ్రోగుతుంది. ఆ తెలుపుమీద ఏ గీత గీసినా దాగదు. మట్టికుండమీద వంకరపోయిన గీత మట్టిరంగులో కలిసిపోవచ్చును. పింగాణిమీద అట్లా కాదు. గీచినవాని చేయి ఎంతటిదో పదిమందికీ తెలిసిపోతుంది.

టొమిమొటో 1886 జూన్ 5వ తేదీన నారా ప్రాంతంలోని ఆండో అనే పల్లెలో పుట్టినాడు. కుమ్మరివాడు కాడు, ఊరిలోకెల్లా పెద్ద భూస్వాముల ఇంటి బిడ్డ. చుట్టూ వరిచేలు, కాలువలు, వెదురుపొదలు. ఆ పల్లెకు సమీపంలోనే హోర్యూజి అనే ప్రాచీన బౌద్ధాలయం ఉన్నది. ఏడవ శతాబ్దినాటి ఆ ఆలయపు గోడలమీది చిత్రాలలో మన అజంతా ఛాయలు కనబడతవని పండితులు చెప్పుకొనేవారు. 1949లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ చిత్రాలు చాలభాగం పాడైపోయినవి. చిన్ననాడే తండ్రి మరణించగా కెంకిచి బాల్యంలోనే ఇంటికి యజమాని అయినాడు. కలిగిన కుటుంబం కాబట్టి అతడు తనకిష్టమైన చదువు చదువగలిగినాడన్న సంగతి మరువరాదు. బీదకుమ్మరి కొడుకైతే అతని కట్టుబాటు మొదటి ఏడాదిలోనే ఆకలికి లొంగిపోయేదేమో.

1904లో అతడు టోక్యో లలితకళా పాఠశాలలో అలంకరణ శాఖలో చేరి, గృహనిర్మాణము, లోపలి అలంకరణ నేర్చినాడు. ఆ రోజులలో అతని మనస్సును పట్టుకొన్నవాడు ఇంగ్లండుకు చెందిన విలియం మారిస్. యంత్రాలు వచ్చి చేతిపనిని మింగివేస్తున్న కాలంలో, కుర్చీ, తెర, గోడకాగితంవంటి ఇంటివస్తువులలో సయితం మనిషిచేతి అందం ఉండాలని బోధించి, చేసి చూపినవాడు మారిస్. ఆయన 1896లోనే మరణించినాడు. అయినా ఆయన పనులను కళ్ళారా చూడాలన్న కోరికతో టొమిమొటో 1908లో సొంతఖర్చుమీద లండను వెళ్ళినాడు. అక్కడ రంగుటద్దాల పని నేర్చినాడు. దినమంతా సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో తిరిగి దేశదేశాల గుడ్డలను, కుండలను, లోహపాత్రలను చూచి గీసుకొనేవాడు. చిత్రపటానికీ శిల్పానికీ ఎంత గౌరవమో కుండకూ గుడ్డకూ అంతే గౌరవం తగునని అతనికి తోచినది అక్కడనే.

అక్కడినుండి అతనికి మన దేశానికి రావలసిన అవకాశం కలిగినది. నీనొమి తకమసా అనే జపాను వాస్తుశిల్పిని ఆ దేశపు ప్రభుత్వం ముస్లిం కట్టడాలను పరిశీలించడానికి నియమించగా, ఛాయాచిత్రాలు తీయడానికి సహాయకుడుగా టొమిమొటో ఆయనవెంట 1909-10 కాలంలో ఈజిప్టు, భారతదేశాలు తిరిగినాడు. మన దేశపు పనితనం జపానుకు అంతకుముందే పరిచయమైనదే. మచిలీపట్నంలోను, మన పొరుగునే ఉన్న పాలకొల్లులోను పదిహేడవ శతాబ్దిలో స్థావరాలు ఏర్పరచుకొన్న డచ్చి వర్తకులు ఈ తీరపు అద్దకపు గుడ్డలను నాగసాకి రేవుదాకా మోసుకొనిపోయేవారు. జపానువారు అట్టి గుడ్డలను సరస అని పిలుచుకొని, చిన్నచిన్న ముక్కలను సయితం సంచులుగా కుట్టి దాచుకొనేవారు. అదే డచ్చి ఓడలు తిరుగుప్రయాణంలో జపాను పింగాణిని నింపుకొని వచ్చేవి. మన గుడ్డా వారి పింగాణీ మూడువందల ఏళ్ళక్రితం ఒకే సముద్రంమీద ఒకదానికొకటి ఎదురైనవన్నమాట.

1910లో టొమిమొటో స్వదేశం చేరినాడు. అప్పటికి అతడు కుమ్మరి కావలెనని అనుకొనలేదు. ఆ మార్పుకు కారణం ఒక వేడుక. 1911లో టోక్యోలో కొందరు చిత్రకారులు, మిత్రులు ఒకచోట చేరినారు. వచ్చినవారికి ముందే తయారైన మట్టిపాత్రలు ఇచ్చి, వాటిమీద తోచిన బొమ్మ వేయమన్నారు. బొమ్మ వేసిన పాత్రను గాజుపూతలో ముంచి, చిన్నకొలిమిలో పెట్టి, కొంతసేపటికి ఎర్రగా కాలిన పాత్రను పట్టకారుతో బయటకు తీసినారు. ఇది రాకూ అనే పద్ధతి. ఆ వేడుకకు టొమిమొటోతో వెళ్ళినవాడు బెర్నార్డ్ లీచ్ అనే ఆంగ్లేయ యువకుడు. జపానువారికి లోహఫలకాలమీద చిత్రాలు చెక్కే విద్య నేర్పడానికి వచ్చినవాడు. నిప్పులోనుంచి తన బొమ్మ మెరుస్తూ రావడం చూచి లీచ్ మతి పోయినది. వెంటనే గురువు కావలెనన్నాడు. కెంజన్ అనే ప్రసిద్ధ వంశనామం ధరించిన ఒక వృద్ధ కుమ్మరి దొరికినాడు. లీచ్‌కు జపాను భాష అంతగా రాదు, ముసలాయనకు ఇంగ్లీషు రాదు. మధ్యన దుబాసిగా కూర్చున్నవాడు టొమిమొటో. అట్లా కూర్చుని కూర్చుని, వినీ వినీ, దుబాసి తానే శిష్యుడైపోయినాడు. లీచ్ 1920లో ఇంగ్లండుకు తిరిగిపోయి ఆ దేశపు ఆధునిక కుమ్మరులకు పెద్దదిక్కు అయినాడు. వారి స్నేహం మాత్రం బ్రతికినంతకాలం నిలిచినది.

టొమిమొటో ఆండో పల్లెకు వెళ్ళి ఇంటి ఆవరణలోనే కొలిమి కట్టుకొన్నాడు. గ్రామంలోని పెద్దయింటి యజమాని మట్టి పిసుకుతూ కూర్చుంటే ఊరివారికి ఎట్లా ఉండి ఉంటుందో ఊహించవచ్చును. 1914లో అతడు ఒటాకె కజుయె అనే యువతిని పెండ్లాడినాడు. ఈమె చిత్రకారుల ఇంట పుట్టి, తానూ చిత్రాలు వేసినది. స్త్రీల స్వాతంత్ర్యంకోసం 1911లో వెలువడిన సెయితో పత్రిక బృందంలో చేరి, బెనియోషి అన్న కలంపేరుతో వ్రాసినది. మగవారి వేడుకగృహానికి వెళ్ళి చూచి వచ్చినందుకు, రంగురంగుల మద్యం త్రాగినట్లు వ్రాసినందుకు ఆనాటి పత్రికలు ఆమెను తిట్టిపోసినవి. ఆమె పెట్టిన సొంతపత్రికకు ముఖచిత్రం వేసి ఇచ్చినవాడు టొమిమొటో. పట్టణపు వాదోపవాదాలమధ్య మెలగిన ఆ యువతి 1915లో భర్తవెంట పల్లెటూరి పెద్దయింటి కోడలుగా వచ్చి చేరినది. ఆ తరువాత ఆమె కలం సాగినది గాని కుంచె వెనుకబడిపోయినది. కళాకారుల జీవితచరిత్రలలో ఇట్టి సంగతిని ఒక వాక్యంలో దాటిపోవడం పరిపాటి. ఈ వ్యాసకర్తకు అట్లా దాటబుద్ధి కాలేదు.

ఆండోలో గడచిన పది పన్నెండేళ్ళే టొమిమొటో కట్టుబాటుకు అసలైన పరీక్ష. పాతగ్రంథాలలో వేలకొలది అలంకారాలున్నవి: చైనావారి డ్రాగను, కొరియావారి కొంగ, తాతలనాటి దేవదారు, వెదురు, రేగుపూవు. వాటిని చూచి గీస్తే ఎవరూ తప్పుపట్టరు, పైగా అమ్ముడుపోతవి. అతడు వాటిని ప్రక్కకు పెట్టి, చిత్తుపుస్తకం చంకన పెట్టుకొని పొలాలగట్లమీదికి పోయినాడు. దారిప్రక్కన మొలిచిన ముళ్ళపూమొక్క కనబడితే దానిముందు కూర్చున్నాడు. మొదట దానిని ఉన్నది ఉన్నట్లు గీసినాడు. ఆ తరువాత మరల గీసినాడు. అనవసరమైన ఆకు తీసివేసినాడు. మరల గీసినాడు, కొమ్మ వంపు మాత్రం నిలిపినాడు. చివరకు అది పళ్ళెం అంచుకు సరిపోయే రూపమయ్యేవరకు విడువలేదు. అట్లా పుట్టిన అలంకారమును చూచినవారికి పువ్వు గుర్తుకు వస్తుంది గాని మరొక పళ్ళెం గుర్తుకు రాదు.

ఇంటికి చేరువలో పొలాలమధ్య ఒక దారి వంపు తిరిగి పోతుంది. రోజూ వేలమంది నడిచే అట్టి దారులు మన లంకగ్రామాలలోనూ ఉన్నవి. టొమిమొటో ఆ దారివంపును గీసి, వంపు తిరిగే దారి అన్న పేరుతో ఒక అలంకారముగా చేసి, సంవత్సరాలపాటు పళ్ళెములమీద, పెట్టెలమీద వేసినాడు. వెదురుపొదలో వెన్నెల ఒకటి. యమతొ నదిమీద హఠాత్తుగా కురిసిన వాన ఒకటి. వానకు నాలుగైదు ఏటవాలు గీతలు, ఒక గుడిసె, నీటి ఒడ్డు. అంతే. కోబాల్టు అనే లోహపు రంగుతో గాజుపూత క్రింద నీలిగీతలుగా వేసిన ఈ చిన్న దృశ్యాలలో ఒక పల్లె అంతా ఇమిడి ఉన్నది. గోదావరి గట్టున పుట్టినవానికి ఈ బొమ్మలు చూడగానే పరాయిదేశమన్న భావం కలుగదు.

తాను స్వయంగా పుట్టించిన అలంకారాన్ని పదిసార్లు, ఇరవైసార్లు తిరిగి వాడడానికి మాత్రం అతడు సందేహించలేదు. అప్పుడది నమూనానుంచి నమూనా కాదా అని గడుసు విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. మొదటిసారి కంటితో చూచి కట్టిన రూపము తనది. దానిని పాత్ర ఆకారానికి తగినట్లు ప్రతిసారి మార్చడం గాయకుడు ఒకే రాగాన్ని ప్రతిదినం పాడడంవంటిదని సమాధానం చెప్పుకొనవచ్చును. ఆ సమాధానం పూర్తిగా తృప్తి కలిగించదని ఒప్పుకొంటూనే ముందుకు పోవలెను.

ఇంత అలంకరణప్రియుడు అన్నిటికన్న పైమెట్టున నిలిపినది ఏ బొమ్మాలేని తెల్లని పింగాణి జాడీని. రూపం సర్వవిధాల కుదిరినదానిని తెల్లగానే విడిచేవాడు. అంతగా కుదరనివాటికి బొమ్మ వేసేవాడు. నగలు అందం చాలనివారికే గాని అందగత్తెకు కావన్నట్లు. కొరియాదేశపు పాతతెల్ల పింగాణిమీద అతనికి గొప్ప మక్కువ. 1922లో అక్కడ జరిగిన పాతపింగాణి ప్రదర్శన సందర్భంలో అతడు కొరియా వెళ్ళివచ్చినాడు. కాని అతని తెల్లజాడీలు కొరియావాటికి నకళ్ళు కావు. ఒకవైపు కొంచెం బరువుగా ఒరిగినట్లుండే కొరియా జాడీలో సహజమైన సడలింపు ఉంటే, ఇతని జాడీలో ఊపిరి బిగబట్టిన నిబ్బరం ఉంటుంది. సంతకం చేసేచోట తన ఇంటిపేరులోని మొదటి అక్షరం ఒక్కటే వేసేవాడు. ఆ అక్షరానికి సంపద అని అర్థం!

ఈ కాలంలోనే ఆండో కొలిమిలో సహాయకుడుగా పనిచేసిన కోందో యూజో తరువాత నీలిపింగాణిలో దేశప్రసిద్ధుడైనాడు. కజుయె దంపతులు తమ ఇద్దరు కుమార్తెలకు ఊరిబడి చదువు చాలదని తలచి, ఇంటనే ఒక చిన్న బడి పెట్టి ఉపాధ్యాయులను పిలిపించి చదువు చెప్పించినారు. కుమార్తెలలో ఒకరి పేరు తో. ఆ మాటకు కాల్చిన మట్టిపాత్ర అని అర్థం. కన్నబిడ్డకు అట్టి పేరు పెట్టుకొన్న తండ్రికి తన వృత్తి ఎంతటి ప్రాణమో వేరే చెప్పనక్కరలేదు. పిల్లల పైచదువుకోసం కూడా 1926లో కుటుంబం టోక్యో శివారుకు తరలిపోయినది.

అదే సంవత్సరంలో యనగి సోయెత్సు అనే తత్త్వవేత్త, హమదా షోజి, కవాయి కంజిరో అనే ఇద్దరు కుమ్మరులు, టొమిమొటో, నలుగురూ కలిసి జపాను జానపదకళల ప్రదర్శనశాలను స్థాపించాలని ఒక ప్రకటన వెలువరించినారు. ఈ మిత్రబృందాన్ని ఆ రోజులలోనే ఎరిగిన భారతీయుడొకరు ఉన్నారు. ఆయన సర్దార్ గురుచరణ్ సింగ్. జపానులో కుమ్మరివిద్య నేర్చి 1922లో తిరిగివచ్చి, తరువాత ఢిల్లీలో నీలిపింగాణి పనిశాల స్థాపించిన శిల్పి. అయితే ప్రకటనమీద సంతకం చేసిన నలుగురిలో టొమిమొటో చాలాకాలం ఇమడలేకపోయినాడు. పేరులేని పనివాడు, తాను అందం సృష్టిస్తున్నానన్న ఎరుక లేకుండా చేసిన వస్తువులోనే అసలైన అందం ఉన్నదని యనగి సిద్ధాంతం. పాతపల్లెకుండను చూచి అట్టి కుండే చేయడం ఆ సిద్ధాంతపు నీడలో సులభంగా గౌరవం పొందుతుంది. టొమిమొటోకు అది మరల పాతశత్రువే మారువేషంలో రావడంగా కనబడినది. నేటి కళాకారుడు చదువుకొన్నవాడు. తెలియనివానివలె నటించడం అసత్యమని అతని భావం. మిత్రత్వం చెడకపోయినా మార్గాలు వేరయినవి.

ఆశ్చర్యమేమంటే, సామాన్యుని ఇంటికి చవుకగా మంచిపాత్ర చేరాలన్న విషయంలో ఇతడు జానపదకళావాదులకన్న ఎక్కువగానే పాటుపడినాడు. తన చేతిపాత్ర ఖరీదైనది, కొద్దిమందికే చేరుతుంది. అందుచేత 1929లో షిగరాకి, 1930లో హసమి మొదలైన కుమ్మరిసీమలకు స్వయంగా వెళ్ళి, అక్కడి పనివారు రోజూ వందలుగా తీసే అన్నపుగిన్నెలమీద, పళ్ళెములమీద కుంచెతో వేగంగా బొమ్మలు వేసినాడు. మట్టి వారిది, ఆకారం వారిది, బొమ్మ మాత్రం తనది. బహుకాలం తరువాత క్యోటోలోకూడ తన నమూనాలను పనిశాలలకు ఇచ్చి, వాటిని చూచి పనివారు వందలకొలది పాత్రలు చేసే ఏర్పాటు చేసినాడు. నమూనా చూచి గీయరాదన్నవాడే ఇతరులచేత తన నమూనా చూచి గీయించవలసివచ్చినది! కట్టుబాటు ఇక్కడ వంగినది. కాని అది లాభాపేక్షతో వంగినది కాదు. బీదవాని చేతిగిన్నె అందవికారంగా ఉండడం అతడు సహించలేకపోయినాడు.

1936లో అతడు కుతాని అనే సీమకు వెళ్ళి, గాజుపూతమీద రంగులువేసే విద్యను సాధన చేసినాడు. జపానువారు దీనిని ఇరోయె అంటారు. నీలిబొమ్మను గాజుపూత క్రింద వేసి ఒక్కసారి కాలిస్తే చాలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చవంటి రంగులు 1300 డిగ్రీలకు తాళలేవు. కనుక ముందు తెల్లపాత్రను కాల్చి, దానిమీద రంగు వేసి, మరల ఏడెనిమిదివందల డిగ్రీల చిన్నమంటలో కాల్చాలి. బంగారం వేయదలిస్తే ఇంకొకసారి. కొలిమి తలుపు మూసిన ప్రతిసారీ అంతకుముందు చేసిన శ్రమ అంతా పందెం కాచినట్లే.

1944లో తాను చదివిన టోక్యో కళాపాఠశాలకే ఆచార్యుడైనాడు. యుద్ధం ముగిసినది. 1946లో, అరువదవ ఏట, అతడు ఆ ఉద్యోగమునకు, ప్రభుత్వ కళాపరిషత్తు సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చినాడు. అంతటితో ఆగలేదు. టోక్యో ఇంటిని, కొలిమిని, భార్యను, పిల్లలను విడిచి ఒంటరిగా ఆండో పల్లెకు వెళ్ళిపోయి, అక్కడినుంచి క్యోటో చేరినాడు. పదవులు విడువడంలో తెగువ ఉన్నది, మెచ్చుకొనవచ్చును. కుటుంబాన్ని విడువడాన్ని కూడా కళాతపస్సు క్రింద జమకట్టి పొగడేవారున్నారు. అట్లా పొగడడం న్యాయం కాదు. భార్యాభర్తలమధ్య ఏమి జరిగినదో పరులమైన మనకు అనవసరం. కాని ముప్పదియేళ్ళు అతని ఇల్లు నడిపిన స్త్రీ, ఒకనాడు తానూ కుంచె పట్టిన స్త్రీ, ఆ తరువాత టోక్యోలో పిల్లల పుస్తకాలు ప్రచురిస్తూ తన బ్రతుకు తాను దిద్దుకొన్నది. 1966లో మరణించినది. పింగాణి అందాన్ని తూచేటప్పుడు ఈ బరువు కూడా త్రాసులో ఉండాలి.

క్యోటోలో అతనికి సొంతకొలిమి లేదు. ఇతరుల కొలిమిలో చోటు అడిగి కాల్చుకొనేవాడు. దేశప్రసిద్ధుడైన శిల్పి అరువది దాటిన వయస్సులో మరల అప్రెంటీసువలె మొదలుపెట్టినాడు. అతని పేరు నిలిపిన పనులు చాలవరకు ఈ చివరి పదునేడేండ్లలో పుట్టినవే.

వాటిలో ఒకటి నాలుగురేకుల పువ్వు. మల్లెను పోలిన తెల్లపూవులు పూచే ఒక తీగ ఉన్నది. దాని పువ్వుకు రేకులు ఐదు. టొమిమొటో దానిని గీసి గీసి ఒక చిక్కు కనిపెట్టినాడు. ఐదురేకుల పువ్వులను ప్రక్కప్రక్కన పేర్చితే సందులు సమంగా రావు. రేకులు నాలుగైతే పైకి, క్రిందికి, కుడికి, ఎడమకు ఒక పువ్వు మరొక పువ్వును తాకుతూ ఎంతదూరమైనా సాగవచ్చును. మన చుక్కలముగ్గు సూత్రమే ఇది. అతడు ఒక రేకు తగ్గించినాడు. సమతలమైన వాకిట ముగ్గు పెట్టడం ఒక ఎత్తు. గుండ్రని జాడీమీద పెట్టడం మరొక ఎత్తు. జాడీ పొట్ట వెడల్పు, మెడ ఇరుకు. పొట్టదగ్గర ఉన్న గడులే మెడదాకా పోవాలంటే ప్రతివరుసలోనూ పువ్వు కొంచెం కొంచెంగా చిన్నది కావలెను, అయినా చిన్నదైనట్లు కనబడరాదు. వందలకొలది పువ్వులను ఒక్కొక్కటిగా చేతితో వేయవలెను. లెక్కల ఉపాధ్యాయులు ఈ జాడీ బొమ్మను తరగతిలో చూపించి ఒక గంట పాఠం చెప్పవచ్చును.

మరొకటి ఫెర్న్ ఆకు. ఎర్రని నేలమీద ఈ ఆకులను బంగారముతోనూ, వెండితోనూ కూర్చి జాడీ అంతా నింపాలని అతని సంకల్పం. ఇక్కడ రసాయనశాస్త్రం అడ్డు వచ్చినది. వెండి బంగారంకన్న తక్కువవేడికే కరుగుతుంది. రెంటినీ ఒకేసారి కాలిస్తే బంగారం అంటుకొనేలోపల వెండి చెడుతుంది. పైగా వెండి గాలి తగిలి నల్లబడుతుంది. వంటింటి వెండిగ్లాసు చూచినవారికి ఇది తెలియనిది కాదు. అతడు పరీక్షమీద పరీక్ష చేసి, వెండిలో ప్లాటినం అనే విలువైన లోహపుపొడి కలిపి, బంగారముతోపాటు ఒకేసారి కాలి, ఏండ్లు గడచినా నల్లబడని వెండిరంగు సాధించినాడు. ఇది 1950 తరువాతి మాట. తాతలు విడిచిపోయిన రహస్యము కాదు. ముసలితనంలో స్వయంగా కనిపెట్టుకొన్నది. ఆ ఎర్రనిజాడీలు చూస్తే పట్టుచీర జరీ గుర్తుకు వస్తుంది. ఒకనాడు దారిప్రక్క ముళ్ళపూవును నాలుగుగీతలలో పట్టిన చేయి ఇది వేసినదా అన్న శంకకూడ కలుగుతుంది. ఆ వైభవంకన్న పల్లెవానగీతలే మేలనుకొనేవారు జపానులోనూ ఉన్నారు. ఈ వ్యాసకర్త మొగ్గు కూడా అటే.

1950లో క్యోటో నగర కళాశాలలో అతడు ఆచార్యుడైనాడు. కుమ్మరివిద్యను కొలిమిదగ్గర తండ్రినుంచి కొడుకు నేర్వడమే గాని కళాశాలలో నేర్వడం అప్పటికి కొత్త. విద్యార్థులచేత ముందు మట్టి ముట్టించడంకన్న చెట్టు, గడ్డి, రాయి గీయించడమే అతని పద్ధతికి మూలం. శిష్యులు తనవలె వేయడం అతనికి గిట్టదు. అందుకు సాక్ష్యం అతని శిష్యులే. వారిలో యనగిహర ముత్సువొవంటివారు గురువు పాత్రలతో ఏ పోలికా లేని కొత్తరూపాలను నిర్మించి పేరు పొందినారు. టోక్యోలో అతనికి సహాయకుడుగా ఉండిన ఫుజిమొతో యోషిమిచి రంగులపింగాణిలోనే తనదైన మార్గం త్రొక్కినాడు.

1955లో జపాను ప్రభుత్వం సంప్రదాయకళలలో ఆరితేరినవారిని ఎంచి, చట్టప్రకారం గౌరవించడం ప్రారంభించినది. లోకులు వారిని సజీవ జాతీయనిధులని పిలుచుకొంటారు. ఆ మొదటి జాబితాలోనే రంగులపింగాణికి టొమిమొటో, జానపదకుమ్మరంలో అతని పాతమిత్రుడు హమదా, ఇద్దరూ ఉన్నారు. 1961లో సంస్కృతిపతకం లభించినది. పదవులు వదలివచ్చిన మనిషిని పదవులు వెదుక్కొంటూ వచ్చి, 1963లో క్యోటో కళాశాల అధ్యక్షపదవి కూడా అతనికి కట్టబెట్టినవి. ఆ పదవిలో అతడు ఎక్కువకాలం లేడు. ఊపిరితిత్తుల పుట్టకురుపుతో 1963 జూన్ 8వ తేదీన, డెబ్బదియేడేండ్లు నిండిన మూడవనాడు, ఒసాకాలో మరణించినాడు.

తనకు సమాధి కట్టవద్దని, మిగిలిన పాత్రలనే తన సమాధిగా తలచుకొనవలసినదని అతడు ముందుగానే తెలిపి ఉండెను. ఆండోలోని పుట్టినయింటిని 1974లో అతని స్మారక ప్రదర్శనశాలగా తెరచినారు. సందర్శకులు వచ్చి అతని నీలిపళ్ళెములను, తెల్లజాడీలను చూచిపోయేవారు. 2012లో అది మూతపడినది. ఆ తరువాత ఆ ఇల్లు బాటసారులు బసచేసే విడిదిగృహమైనది. నారా పట్టణంలోని ప్రభుత్వ కళాప్రదర్శనశాలలో అతని పాత్రలు ఈనాటికీ ఉన్నవి. పొలాలమధ్య వంపు తిరిగిన ఆ దారిని వాటిమీద చూడవచ్చును.